గనిలో దెబ్బతిన్న కాలు, మార్చుకున్న బండి: సింగరేణి ప్రాంతంలో వాహనం, చట్టం, చోదకుడు

గోదావరిఖని ప్రధాన చౌరస్తాలో ఏ సాయంత్రమైనా ఒక గంట సేపు నిలబడి చూడండి. వెనుక చక్రానికి అటూ ఇటూ మరో రెండు చిన్న చక్రాలు బిగించిన స్కూటరు ఒకటైనా మీ ముందు నుంచి వెళ్తుంది. నడిపే వ్యక్తి చంకకర్రలు కాళ్ల దగ్గర నిలువుగానో, సీటు పక్కన తాడుతో కట్టో ఉంటాయి. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిన మీకు అది వింత కాదు. వింత కాకపోవడం వల్లనే దాన్ని చరిత్రకు ఆధారంగా ఎవరూ చూడలేదు. ఈ పాఠంలో మనం ఆ బండిని ఒక చారిత్రక ఆధారంగా చదువుదాం. శాసనాన్ని, రెవెన్యూ రికార్డును ఏ శ్రద్ధతో చదువుతామో అదే శ్రద్ధ దీనికీ అవసరం.

నాకు ఈ విషయంపై ఆసక్తి కలగడానికి కారణం ఒక విద్యార్థి. చాలా ఏళ్ల క్రితం నేను సంప్రదింపు తరగతులు చెప్పే రోజుల్లో ఆయన బి.ఏ.లో చేరారు. అప్పటికే వయసు నలభై దాటింది. గనిలో ట్రామర్‌గా పనిచేస్తూ టబ్బు తగిలి ఎడమ కాలు మోకాలి కిందికి పోగొట్టుకున్నారు. తరువాత ఉపరితలంపై ల్యాంప్ రూములో తేలిక పని ఇచ్చారు. ఆయన సైడ్ వీల్స్ బండి మీద వచ్చేవారు. మా తరగతి మేడ మీద. ఆయన మెట్లెక్కి వచ్చేసరికి పాఠం సగం అయిపోయేది. తరగతిని కిందికి మార్చవచ్చునన్న ఆలోచన మాకు రావడానికి రెండు వారాలు పట్టింది. కార్మికవర్గ చరిత్ర చెప్పే నాకే రెండు వారాలు పట్టిందని ఇక్కడ ఒప్పుకోవడం మంచిది.

గని, గాయం, పరిహారం

1871లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించడం, 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులు పొందడం, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడడం, ఇవన్నీ ముందు పాఠాల్లో చదివారు. గోదావరి ఒడ్డున రామగుండం పొలాల్లో గనులు తెరవడం 1960 ప్రాంతపు ముచ్చట. బాయి పక్కనే కాలనీ, కాలనీ పక్కన బజారు, ఇలా గోదావరిఖని అనే ఊరు పుట్టింది.

గని ప్రమాదాల చరిత్ర అనగానే మనకు మరణాలే గుర్తొస్తాయి. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో నీరు ముంచెత్తి 17 మంది చనిపోయిన రోజును ఈ ప్రాంతం మరవలేదు, మరవకూడదు కూడా. కానీ పైకప్పు పెళ్ల పడి నడుము విరిగినవాడు, హాలేజీ తాడు తగిలి పాదం నలిగినవాడు, టబ్బుల మధ్య చిక్కి కాలు పోయినవాడు ఇంటికి తిరిగి వచ్చారు. ఒక్కొక్కరుగా, వేరువేరు రోజుల్లో వచ్చారు. వారికి స్మారక దినం లేదు. 1952 గనుల చట్టం ప్రాణాంతక ప్రమాదాలతో పాటు, శరీర భాగాన్ని శాశ్వతంగా పోగొట్టే గాయాలను ‘తీవ్రమైన గాయం’ అని నిర్వచించి లెక్క రాయమంది. లెక్కలో ఆ గాయం ఒక్క రోజు కనబడుతుంది. ఆ మనిషి మాత్రం తరువాత ముప్పై ఏళ్లు బతుకుతాడు.

ఆ ముప్పై ఏళ్లకు చట్టం ఏమిచ్చింది? 1923 నాటి కార్మికుల పరిహార చట్టం (2009 సవరణతో దీని పేరు ఉద్యోగుల పరిహార చట్టంగా మారింది) ఒక పట్టికను తయారుచేసింది. శరీరంలో ఏ భాగం పోతే సంపాదనా శక్తి ఎంత శాతం తగ్గుతుందో అందులో ఉంటుంది. ఉదాహరణకు చేతి బొటనవేలు మొత్తం పోతే 30 శాతం. ఈ పట్టికను తక్కువగా చూడకండి. అంతకు ముందు కార్మికుడికి అది కూడా లేదు. అయితే ఆ పట్టిక లెక్కించింది సంపాదనను మాత్రమే. ఇంటి నుంచి రేషన్ షాపుకు, ఆస్పత్రికి, పిల్ల బడికి, చుట్టాల ఇంటికి ఉండే దూరం అందులో ఏ గడిలోనూ లేదు. కాలు కోల్పోయినవాడికి పెద్ద మొత్తంలో తగ్గిపోయింది ఆ దూరమే.

1995 వికలాంగుల చట్టం 47వ సెక్షన్ ఒక ముఖ్యమైన మాట చెప్పింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం కలిగిన వ్యక్తిని తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పనికి సరిపోకపోతే అదే జీతంపై మరో పనికి మార్చాలి. 2016 చట్టం 20వ సెక్షన్‌లో ఇదే రక్షణ కొనసాగింది. బొగ్గు ప్రాంతంలో దీనికి ఒక చిక్కుముడి ఉంది. ఇక్కడ ‘మెడికల్ అన్‌ఫిట్’ అన్న మాటకు దెబ్బతిన్నవాడి ఉద్యోగం ఒక్కటే కాదు, కొడుకు ఉద్యోగం కూడా ముడిపడి ఉండేది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది. తరువాత కారుణ్య నియామకాల పేరుతో వేరే దారి వచ్చింది. తండ్రి తాను పని చేయగలనని నిరూపించుకోవాలా, చేయలేనని నిరూపించుకోవాలా? ఒక ఇంట్లో ఈ రెండు ప్రశ్నలూ ఒకే పళ్లెం దగ్గర కూర్చుంటాయి. మెడికల్ బోర్డు ముందు నడవలేని మనిషి బజారులో బండి నడిపితే ‘నడపగలడుగా’ అని గుసగుసలాడేవారు ఉంటారు. బండి నడపడం వేరు, గనిలో ఏటవాలు దారి దిగి టబ్బు తొయ్యడం వేరు. ఈ తేడా తెలియనివారు చాలామందే ఉన్నారు.

బండి ఎలా మారింది

1970లలో ఈ ప్రాంతంలో కార్మికుడి వాహనం సైకిలు. స్థోమత కలిగితే స్కూటరు. 1972లో మార్కెట్లోకి వచ్చిన బజాజ్ చేతక్ నిర్మాణాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. క్లచ్చి, గేర్లు ఎడమ చేతికి. వెనుక బ్రేకు కుడి పాదానికి. స్టార్టు చేయాలంటే కిక్కు కొట్టాలి. కుడి కాలు లేనివాడికి బ్రేకు లేదు, కిక్కు లేదు. ఎడమ కాలు లేనివాడికి అవి రెండూ ఉన్నా, బండి ఆగినప్పుడు నేల మీద ఆనించడానికి కాలు లేదు. అంటే కదిలే బండి కన్నా ఆగిన బండి అతనికి ప్రమాదం. సైడ్ వీల్స్ అనే ఆలోచన పుట్టింది వేగం కోసం కాదు, ఆగడం కోసం.

1972లోనే వచ్చిన లూనా మోపెడ్‌కు గేర్లు లేవు, బ్రేకులు చేతికే ఉన్నాయి. 1984లో కైనెటిక్ హోండా గేర్లు లేకుండా, బటన్ నొక్కితే స్టార్టయ్యేలా వచ్చింది. దాన్ని తయారుచేసినవారు వికలాంగులను దృష్టిలో పెట్టుకుని చేశారనుకోను. గేర్లు వేయడం ఇష్టం లేని పట్టణ కుటుంబాల కోసం చేశారు. కానీ ఒక కాలు లేనివాడు దాన్ని చూడగానే తన బండి అని గుర్తుపట్టాడు. సాంకేతిక చరిత్రలో ఇలాంటివి తరచూ కనిపిస్తాయి. వస్తువు ఎవరి కోసం తయారైందో వారికన్నా వేరొకరికి ఎక్కువ ఉపయోగపడుతుంది. 2000 తరువాత యాక్టివా వంటి గేర్లు లేని స్కూటర్లు ఊరూరా నిండిపోయాక సైడ్ వీల్స్ బిగించే పని ఒక చిన్నపాటి వృత్తి అయింది.

ఆ పనిలో ఉన్న ఇంజినీరింగు మీరు తెలుసుకోవాలి. లేకపోతే తరువాత వచ్చే చట్టం చర్చ అర్థం కాదు.

చేతక్‌కు విడిగా చట్రం లేదు. వంచి అతికిన రేకు శరీరమే దాని చట్రం. పలుచటి రేకుకు ఇనుప కమ్మీ వెల్డింగ్ చేస్తే కొన్నాళ్లకు అతుకు పక్కన రేకు చిరుగుతుంది. అందుకని తెలిసిన మేస్త్రీలు రెండు వైపులా మందపాటి పట్టీలు వేసి బోల్టులతో బిగించేవారు. గేర్లు లేని కొత్త స్కూటర్లలో ఇనుప గొట్టాల చట్రం ఉంటుంది, పని కొంత తేలిక. అయితే వాటి ఇంజినూ వెనుక చక్రమూ కలిసి ఒకే ముక్కగా పైకీ కిందికీ ఊగుతాయి. ఊగే ముక్కకు సైడ్ వీల్స్ బిగిస్తే బేరింగులు పోతాయి. కాబట్టి ప్రధాన చట్రానికే బిగించాలి. అలా బిగించిన చక్రాలకు స్ప్రింగు లేకపోతే మరో చిక్కు. రోడ్డు మధ్యలో గుంట వచ్చినప్పుడు రెండు పక్క చక్రాలూ గుంట అంచుల మీద ఆనుకుంటాయి. నడిచే చక్రం గాలిలో వేలాడి ఊరికే తిరుగుతుంది. వానాకాలంలో బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద ఇది ఎంత మామూలో మీకు చెప్పనక్కర్లేదు.

మలుపు సంగతి ఇంకా ముఖ్యం. రెండు చక్రాల బండి మలుపులో లోపలికి వంగుతుంది. ఆ వంపే దాన్ని నిలబెడుతుంది. సైడ్ వీల్స్ బిగిస్తే బండి వంగదు, నిటారుగానే తిరగాలి. బరువంతా బయటి చక్రం మీదికి పోతుంది. వేగం ఎక్కువైతే లోపలి చక్రం లేస్తుంది. కాలు పోకముందు ఇరవై ఏళ్లు స్కూటరు నడిపినవాడికి ఇది మరీ కష్టం. శరీరం వంగమంటుంది, బండి వంగనంటుంది. అతను నడపడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. దీనికి తోడు రోడ్డు ఎడమ వైపు వాలి ఉంటే హ్యాండిల్ ఎప్పుడూ ఎడమకే లాగుతుంది. పక్క చక్రాలకు బ్రేకులు ఉండవు, బరువు మాత్రం పెరుగుతుంది. బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. స్కూటరుకు రివర్సు గేరు లేదు. కాళ్లతో వెనక్కి నెట్టుకోలేని మనిషి బండిని ఎక్కడ ఆపుతున్నాడో ముందే ఆలోచించుకోవాలి. నా విద్యార్థి ఎప్పుడూ బండిని గేటు వైపు ముఖం పెట్టి ఆపేవారు. ఎందుకో నాకు చాలాకాలం తెలియలేదు.

చట్రాన్ని కోయడం

కారు సంగతికి వద్దాం. ఇంగ్లండులో ‘కిట్ కారు’ అనే పద్ధతి ఉంది. కంపెనీ కారును ముక్కలుగా అమ్ముతుంది, కొనుక్కున్నవాడు ఇంట్లో బిగించుకుంటాడు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఇందుకు పేరుపొందింది. 1973 నుంచి అదే నమూనాను కేటర్‌హామ్ సంస్థ తయారుచేస్తోంది. బిగించి అమ్మే కారుపై ఉన్న కొనుగోలు పన్ను కిట్ మీద లేకపోవడం దాని ఆదరణకు ఒక కారణం. ఇనుప గొట్టాలను త్రికోణాలుగా అతికి చట్రం చేస్తారు. ఇలాంటి బండిని నడవలేని చోదకుడికి అనువుగా మార్చాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పెడల్స్ తీసి చేతి లివరు పెట్టడం సులువైన భాగం. లివరును ముందుకు నెడితే బ్రేకు, వెనక్కి లాగితే గానీ తిప్పితే గానీ వేగం. క్లచ్చికి వేరే ఏర్పాటు కావాలి, లేదా గేర్లు వాటంతటవే మారే బండి తీసుకోవాలి. అసలు కష్టం లోపలికి ఎక్కడం. ఆ కారు పక్క గోడ ఎత్తుగా ఉంటుంది, తలుపు ఉండదు. చక్రాల కుర్చీ నుంచి సీటులోకి జరగాలంటే పక్క గొట్టాన్ని కోసి కిందికి దించాలి. కానీ కారు మధ్యలో మెలిపడకుండా కాపాడేది ఆ గొట్టమే.

బొగ్గు ప్రాంతపు విద్యార్థులకు దీన్ని చెప్పడం నాకు తేలిక. మన భూగర్భ గనుల్లో ‘బోర్డ్ అండ్ పిల్లర్’ పద్ధతి తెలుసు కదా. బొగ్గును గళ్లు గళ్లుగా తీసి, పైకప్పును మోయడానికి బొగ్గు స్తంభాలు వదులుతారు. చివరికి ఆ స్తంభాన్నీ తీయాలంటే ముందు చుట్టూ సపోర్టు వేస్తారు. ఏ బరువును ఎవరు మోస్తున్నారో తెలియకుండా ఎవరూ దాని మీద చెయ్యి వేయరు. చట్రం పనీ అంతే. పక్క గొట్టం కోయాలంటే దాని భారాన్ని నేల భాగానికో మధ్య సొరంగానికో ముందే అప్పగించాలి.

మన దేశంలో కిట్ కార్ల ఉద్యమం లేదు. కొత్త నమూనా వాహనం ఏదైనా 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం గుర్తింపు పొందిన పరీక్షా సంస్థ నుంచి ధ్రువీకరణ పొందాలి. అది కంపెనీలు భరించగల ఖర్చు. అయినా విడిభాగాలను బిగించే సంప్రదాయం మనకు కొత్త కాదు. 1940వ దశకం చివరలో మహీంద్రా సంస్థ జీపు తయారీ మొదలుపెట్టింది విదేశం నుంచి వచ్చిన విడిభాగాలను బొంబాయిలో బిగించడంతోనే. జీపుకు నిచ్చెన ఆకారపు చట్రం ఉంటుంది. పైభాగాన్ని ఎంత మార్చినా చట్రం చెక్కుచెదరదు. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో శరీరమూ చట్రమూ ఒకటే. అందుకే మారుతిని మార్చే మెకానిక్కులు రేకును ముట్టకుండా పెడల్స్‌కు కమ్మీలు తగిలించి చేతి దగ్గరికి తెచ్చారు. ఆ నిర్ణయంలో మంచి ఇంజినీరింగు వివేకం ఉందని నా అభిప్రాయం.

ప్రపంచ చరిత్రలో ఇదే ప్రశ్న

న్యూరెంబర్గులో స్టీఫన్ ఫార్ఫ్లర్ అనే గడియారాల తయారీదారు కాళ్లు పనిచేయని మనిషి. 1655లో చేతితో తిప్పే మూడు చక్రాల బండిని తన కోసం తానే చేసుకున్నాడు. ఈ చరిత్రకు గనితోనూ సంబంధం ఉంది. హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే అమెరికన్ మైనింగ్ ఇంజినీరు గని ప్రమాదంలో వెన్నెముక విరగడంతో నడక కోల్పోయాడు. అప్పటి చక్రాల కుర్చీలు బరువైనవి, మడిచేందుకు వీలుకానివి, కారులో పట్టవు. ఆయన, ఇంజినీరైన స్నేహితుడు హారీ జెన్నింగ్స్ కలిసి 1930లలో గొట్టాలతో మడిచే కుర్చీని రూపొందించారు. మీరు ఈరోజు ఆస్పత్రిలో చూసే మడత కుర్చీకి మూలం అదే. కారులో పట్టాలన్న అవసరమే దాన్ని పుట్టించింది.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఇంగ్లండులో బెర్ట్ గ్రీవ్స్, పక్షవాతంతో బాధపడే ఆయన బంధువు డెరీ ప్రెస్టన్-కాబ్ కలిసి ‘ఇన్వాకార్’ అనే మూడు చక్రాల మోటారు బండిని తెచ్చారు. ప్రభుత్వం అలాంటి బండ్లను వికలాంగులకు ఇచ్చింది. లేత నీలి రంగు, ఒక్కటే సీటు. భార్యనో బిడ్డనో పక్కన కూర్చోబెట్టుకునే వీలు లేదు. గాలి గట్టిగా వీస్తే తూలేది. దాన్ని చూడగానే లోపల ఉన్నది ఎవరో ఊరందరికీ తెలిసిపోయేది. వికలాంగులే దీన్ని వ్యతిరేకించారు. తమకు ప్రత్యేకమైన బండి అక్కర్లేదు, అందరి కారునే తమకు తగినట్టు మార్చి ఇమ్మన్నారు. 1977లో మోటబిలిటీ పథకంతో ఆ దారి తెరుచుకుంది. 2003లో పాత ఇన్వాకార్లను రోడ్ల నుంచి తొలగించారు.

ప్రత్యేకంగా కట్టిన బండా, మార్చుకున్న బండా? ఈ ప్రశ్నను మనసులో ఉంచుకుని మన చట్టం చూడండి.

మూడు పదాల చరిత్ర

1939 మోటారు వాహనాల చట్టం, దాని స్థానంలో వచ్చిన 1988 చట్టం, రెండూ ‘ఇన్వాలిడ్ క్యారేజ్’ అనే తరగతిని గుర్తించాయి. 1988 చట్టం 2వ సెక్షన్ 18వ క్లాజు సారాంశం ఇది: శారీరక లోపం ఉన్న వ్యక్తి కోసం ప్రత్యేకంగా రూపొందించి నిర్మించిన, కేవలం మార్పుచేసినది కాని మోటారు వాహనం. ‘కేవలం మార్పుచేసినది కాని’ అన్న ఆ మూడు పదాలను మరోసారి చదవండి. వికలాంగుడికి ఈ తరగతి వాహనానికే పరిమితమైన లైసెన్సు ఇవ్వవచ్చని 8వ సెక్షన్ చెప్పింది. కానీ ప్రత్యేకంగా నిర్మించిన వాహనాలు మార్కెట్లో ఎక్కడున్నాయి? అందరి దగ్గరా ఉన్నవి మార్చుకున్నవే. ఇంగ్లండులో కనీసం ఇన్వాకార్ ఉంది. మనం ఆ చట్టపు భాషను తెచ్చుకున్నాం, బండిని తెచ్చుకోలేదు.

దీనికి తోడు 52వ సెక్షన్. 2000 సవరణ తరువాత దాని సారం, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని. 2019 జనవరి 9న కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. ఆ కేసు వికలాంగుల వాహనాల గురించి కాదు. రోడ్డు భద్రత దృష్ట్యా తీర్పుతో నాకు పేచీ కూడా లేదు. ఇష్టమొచ్చినట్టు బండ్లు కోసేవారిని ఆపవలసిందే. అయితే సోకు కోసం సైలెన్సరు మార్చినవాడినీ, కాలు లేక బ్రేకును చేతికి మార్చుకున్నవాడినీ ఒకే వాక్యం ఆపితే ఆ వాక్యంలో ఏదో తక్కువైనట్టే.

ఇక్కడ ఒక వైరుధ్యం గమనించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షన్ వాహనాలకు మార్పులు చేసుకోవడానికి ప్రభుత్వాలు పథకాలు రూపొందించాలని చెప్పింది. అంటే ఒక చట్టం మార్చుకోవడానికి సాయం చేయమంది, ఇంకో చట్టం మార్చిన బండిని నిర్వచనం బయటే ఉంచింది. 2019 ఆగస్టులో ఆమోదం పొందిన మోటారు వాహనాల సవరణ చట్టం ఈ ముడి విప్పింది. ‘ఇన్వాలిడ్ క్యారేజ్’ నిర్వచనాన్ని తీసివేసి ‘అడాప్టెడ్ వెహికల్’ను చేర్చింది. ప్రత్యేకంగా నిర్మించినదైనా, 52వ సెక్షన్ కింద మార్పులు చేసినదైనా ఇందులోకి వస్తుంది. యజమాని ముందు మార్పు చేయించుకుని తరువాత రిజిస్టరింగ్ అధికారి ఆమోదం పొందవచ్చు. కేంద్రం నిర్ణయించిన షరతులు మాత్రం పాటించాలి. 1939 నుంచి 2019 దాకా, 80 ఏళ్లు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊళ్లో, మీ కాలనీలో మార్చిన బండి నడిపే ఒకరితో మాట్లాడి మూడు పేజీలు రాయండి. దెబ్బ ఎలా తగిలిందన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. వారు ఆ కథ వందసార్లు చెప్పి ఉంటారు. బండిని ఎవరు మార్చారు, ఏ భాగం మొదట విరిగింది, దాన్ని ఎలా సరిచేశారు అని అడగండి. వారు అనుమతిస్తే రిజిస్ట్రేషన్ కార్డులో వాహన తరగతి దగ్గర ఏమి రాసి ఉందో చూడండి. వెల్డింగ్ మేస్త్రీతో కూడా మాట్లాడండి, ఆయన దగ్గర కాగితాలు ఉండవు గానీ కొలతలు నోటికి ఉంటాయి. మాట్లాడినవారి పేరు రాయవద్దు.

నా విద్యార్థి కార్డు నేను చూశాను. ఆయనను లైసెన్సు కోసం ఒక కార్యాలయంలో రెండుసార్లు వెనక్కి పంపారు. మొదటిసారి బండి మార్చినదని, రెండోసారి సైడ్ వీల్స్ విప్పి పరీక్షకు రమ్మని. ఆయన నవ్వుతూనే చెప్పారు ఈ మాట. డిగ్రీ పూర్తయ్యేనాటికి కూడా నాలుగు చక్రాలున్న ఆ బండి కార్డులో ద్విచక్ర వాహనమే.